ఫ్రిస్కోలో ప్లేఆఫ్స్ కాలం

తెలుగువాళ్ళు ఎక్కువగా స్థిరపడ్డ ఈ టెక్సస్ ఊళ్ళో అమెరికన్ ఫుట్‌బాల్‌ను మైదానంలోనూ ఆడతారు, తెర మీదా ఆడతారు. రెండుచోట్లా సీజన్ చివరి వారాలదే అసలు కథ.

డాలస్ నడిబొడ్డు నుంచి టోల్‌వే ఎక్కి ఉత్తరానికి సుమారు 45 కిలోమీటర్లు వెళ్తే ఫ్రిస్కో. ఈ పేరు వినని తెలుగు ఊరు ఇప్పుడు తక్కువ. ఎవరో ఒకరి కొడుకో కోడలో అక్కడ ఉంటారు. అక్కడి గృహప్రవేశాల వీడియోలు ఇక్కడి ఫోన్లలో తిరుగుతుంటాయి. మంచి స్కూళ్ళు, కార్యసిద్ధి హనుమాన్ గుడి, రెండు కార్లు పట్టే గ్యారేజీ. మనకు అందే ఫ్రిస్కో ఇంతే. ఆ ఇళ్ళ మేడ మీది గదుల్లో రాత్రి తొమ్మిది దాటాక సాగే ఫ్రిస్కో గురించి అమ్మమ్మలకూ తాతయ్యలకూ ఎవరూ చెప్పరు. అక్కడ పదహారేళ్ళ కుర్రాడు హెడ్‌సెట్ తగిలించుకుని, చేతిలో కంట్రోలర్‌తో ఒక ఫుట్‌బాల్ జట్టుకు యజమాని, కోచ్, ఆటగాడు అన్నీ తానే అయి కూర్చుంటాడు. అవతలి జట్టు ఎడిసన్‌లో ఉన్న పెదనాన్న కొడుకుది కావచ్చు, ఎన్నడూ ముఖం చూడని ఒహాయో మనిషిది కావచ్చు.

"ఏరా, అన్నం చల్లారిపోతోంది."

"రెండు నిమిషాలమ్మా, ఫోర్త్ క్వార్టర్!"

ఆ రెండు నిమిషాలు ఆట గడియారంలోవి. గోడ గడియారంలో అవి పావుగంట దాకా సాగుతాయి. ఆ సంగతి తల్లికీ తెలుసు.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మన సంతోష్ ట్రోఫీ ఫుట్‌బాల్ కాదు. రెండు కొసలూ సన్నగా ఉండే బంతిని చేత్తో విసురుతూ, పొట్టకు హత్తుకుని పరిగెడుతూ ఆడే ఆట. జట్టుకు పదకొండు మంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి. జరిగితే మరో నాలుగు దక్కుతాయి, జరగకపోతే బంతి అవతలివాళ్ళకు పోతుంది. ప్రతి ప్రయత్నానికీ ముందు ఎవరు ఎటు కదలాలో కోచ్ నిర్ణయిస్తాడు. బలమైన ఒంట్లతో ఆడే ఈ ఆటలో సగం లెక్కల పనే. అందుకే కంప్యూటర్‌కు ఇది ఇంత బాగా ఒదిగింది.

రైలింజన్ దాహంతో మొదలు

ఈ ఊరు పుట్టుక చాలా మామూలుది. నల్లరేగడి మైదానాల గుండా సెయింట్ లూయీ, శాన్‌ఫ్రాన్సిస్కో రైల్వే కంపెనీ 1902లో దారి వేసింది. ఆవిరి ఇంజన్లకు కొన్ని మైళ్ళకొకసారి నీళ్ళు కావాలి. నీటి వసతి కల్పించిన చోట ఊరు వెలిసింది. జనం ఆ రైల్వేను ముద్దుగా ఫ్రిస్కో అని పిలిచేవారు, అదే ఊరి పేరయింది. పక్కనే ఉన్న లెబనాన్ అనే పాత పల్లెవాళ్ళు కొందరు తమ కొయ్య ఇళ్ళనే దుంగల మీద దొర్లించి రైలు దగ్గరికి తెచ్చుకున్నారని స్థానిక చరిత్ర చెబుతుంది. ఇప్పుడు కార్లు పోయే ప్రెస్టన్ రోడ్డు ఒకప్పుడు పశువుల మందలు ఉత్తరానికి నడిచిన షానీ ట్రెయిల్. ఆ గుర్తుకు ఊళ్ళో కంచు ఎద్దుల బొమ్మలు నిలబెట్టారు.

1990 జనాభా లెక్కల నాటికి ఇక్కడ ఆరు వేల పైచిలుకు మంది. 2000లో 33,714. 2010లో 1,16,989. 2020లో 2,00,509. వీళ్ళలో సుమారు నాలుగో వంతు ఆసియా మూలాలవాళ్ళు. వాళ్ళలో తెలుగువాళ్ళ సంగతి గుడిలోనో కిరాణా కొట్లోనో పది నిమిషాలు నిలబడితే చెవులే చెబుతాయి. ముప్పై ఏళ్ళలో ఆరు వేల నుంచి రెండు లక్షలకు పెరిగిన ఊళ్ళో తాతల కాలం నాటి అరుగులు ఉండవు. పిల్లలు ఒకరికొకరు పరిచయం కావడానికి కొత్త చోట్లు కావాలి. ఫుట్‌బాల్ అలాంటి చోటుగా పనికొచ్చింది. మైదానంలోకి దిగలేని పిల్లలకు తెర పనికొచ్చింది.

మన పిల్లల్లో చాలామంది మైదానంలోకి దిగరు. అమ్మానాన్నలు దిగనివ్వరు. తలకు తగిలే దెబ్బల గురించి వార్తల్లో చదివి ఉంటారు, ఆ భయం తప్పని నేననను. అయితే టెక్సస్‌లో శుక్రవారం రాత్రి అంటే హైస్కూల్ ఫుట్‌బాల్. ఆట అర్థం కాకపోతే సోమవారం భోజనాల బల్ల దగ్గర మాట కలవదు. నాలుగు ప్రయత్నాల లెక్కను, రక్షణ వ్యూహాలను, పెనాల్టీల చిట్టాను మన పిల్లలు నేర్చుకుంది ఎక్కువగా వీడియోగేమ్‌లోనే. తండ్రి టీవీ ముందు కూర్చుని "ఇప్పుడెందుకు తన్నాడ్రా బంతిని?" అని అడిగితే కొడుకు గురువవుతాడు.

అయిదు కప్పులు, ఒక సుదీర్ఘ నిరీక్షణ

టోల్‌వే పక్కనే ది స్టార్ కనిపిస్తుంది. 91 ఎకరాల ఆవరణ. డాలస్ కౌబాయ్స్ జట్టు ప్రధాన కార్యాలయం, సాధన మైదానాలు 2016లో అర్వింగ్ నుంచి ఇక్కడికి వచ్చాయి. లోపల 12,000 మంది కూర్చోగల ఫోర్డ్ సెంటర్ ఉంది. నగరం, స్కూల్ జిల్లా, జట్టు కలిసి చేసుకున్న ఏర్పాటు అది. బంతి విసిరి ఆట నడిపించే కోట్ల డాలర్ల క్వార్టర్‌బ్యాక్ సాధన చేసే పచ్చిక మీదే ఫ్రిస్కో హైస్కూల్ పిల్లలూ తమ మ్యాచ్‌లు ఆడతారు. ఇక్కడి స్కూల్ జిల్లా ఒక్కో హైస్కూల్‌ను మరీ పెద్దది కానివ్వకుండా కొత్తవి కట్టుకుంటూ పోయింది, ఇప్పుడు పన్నెండు ఉన్నాయి. పన్నెండు స్కూళ్ళంటే పన్నెండు జట్లు. ఒకే బడిని పెంచుకుంటూ పోతే వచ్చేది ఒక్క జట్టే. ఎక్కువమంది పిల్లలకు జెర్సీ అందింది కాబట్టి ఈ నిర్ణయం నాకు నచ్చుతుంది.

అమెరికన్ ఫుట్‌బాల్ పెద్ద లీగ్ ఎన్ఎఫ్ఎల్‌కు ఫైనల్ సూపర్ బౌల్. కౌబాయ్స్ దగ్గర ఆ ట్రోఫీలు అయిదున్నాయి. అయిదోది 1995 సీజన్‌ది. ఆ తర్వాత ఆ జట్టు సూపర్ బౌల్‌కు ముందుండే కాన్ఫరెన్స్ ఫైనల్ మెట్టు కూడా ఎక్కలేదు. ఈ తరం ఫ్రిస్కో పిల్లలెవరూ ఆ రోజులు చూడలేదు. వాళ్ళు చూసింది వేరు. 2021, 2022, 2023 సీజన్లలో కౌబాయ్స్ వరసగా పన్నెండేసి మ్యాచ్‌లు గెలిచింది. సీజన్ ముగిశాక జరిగే నాకౌట్ పోటీలైన ప్లేఆఫ్స్‌లో మూడుసార్లూ ఇంటిముఖం పట్టింది. 2022 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో మీద చివరి సెకన్లలో క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ బంతితో పరిగెత్తాడు. గడియారం ఆపేందుకు బంతిని నేలకు కొట్టేలోపే సమయం అయిపోయింది. కౌబాయ్స్ 23-17తో ఓడింది. 2024 జనవరి 14న కౌబాయ్స్‌ను దాని సొంత మైదానంలోనే గ్రీన్‌బే 48-32తో ఓడించింది. ఏడో స్థానంతో ప్లేఆఫ్స్‌లోకి వచ్చిన జట్టు గెలవడం అదే మొదటిసారి. ఆ సాయంత్రం ఈ ఊళ్ళో ఎన్ని టీవీలు మధ్యలోనే ఆగిపోయి ఉంటాయో!

ఇలాంటి ఊళ్ళో కుర్రాళ్ళు వీడియోగేమ్‌లో తలా ఒక జట్టు తీసుకుని ఆన్‌లైన్ లీగ్ మొదలుపెడితే, కౌబాయ్స్ ఎవరికివ్వాలన్నదే మొదటి తగవు. చీటీలు వేస్తారు, పోయినసారి చివర నిలిచినవాడికి ముందు ఎంపిక ఇస్తారు, ఒక్కోసారి ఎవరికీ ఇవ్వరు. 2025 ఆగస్టులో కౌబాయ్స్ తమ మేటి డిఫెండర్ మైకా పార్సన్స్‌ను అదే గ్రీన్‌బేకి ఇచ్చేసింది. తెర మీద అతణ్ణి వెనక్కి తెచ్చుకోవడానికి ఎన్ని డ్రాఫ్ట్ హక్కులు (కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే వంతులు) వదులుకోవచ్చన్న లెక్కలు డాలస్ చుట్టుపక్కల లీగుల్లో సాగకుండా ఎలా ఉంటాయి?

ఉత్తరాది నుంచి వచ్చే జనవరి యాత్ర

ఫ్రిస్కోకు ప్లేఆఫ్స్ ఊరన్న పేరు తెచ్చింది కౌబాయ్స్ కాదు. ఊరికి మరో కొసన టొయోటా స్టేడియం ఉంది. 2005లో తెరిచారు, సుమారు ఇరవై వేల సీట్లు. దాన్ని నగరంతో కలిసి కట్టించింది లామర్ హంట్ కుటుంబం. సూపర్ బౌల్ అన్న పేరు సూచించినాయన ఆ లామర్ హంటే. మన ఫుట్‌బాల్ ఆడే ఎఫ్‌సీ డాలస్‌కు అది సొంత మైదానం. ఆ ఆట లీగ్ అయిన ఎంఎల్ఎస్ 2005, 2006 కప్ ఫైనల్స్ అక్కడే జరిగాయి.

అయినా ఆ మైదానానికి అసలైన సందడి జనవరిలో ఉండేది. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ మొదటి శ్రేణిలో రెండు అంచెలున్నాయి. కింది అంచెను ఎఫ్‌సీఎస్ అంటారు. టీవీ వెలుగంతా పై అంచె మీదే. కానీ మైదానంలో ప్లేఆఫ్స్ ఆడి విజేతను తేల్చుకునే పద్ధతి కింది అంచెలో 1978 నుంచే ఉంది. పై అంచెవాళ్ళు దశాబ్దాల తరబడి ఓట్లతో, ర్యాంకులతో విజేతను ప్రకటించుకున్నారు. నాలుగు జట్ల ప్లేఆఫ్ వాళ్ళకు 2014 సీజన్‌లో గానీ రాలేదు, 2024లో పన్నెండుకు పెరిగింది. న్యాయంగా ఆడి తేల్చుకోవడంలో చిన్నవాళ్ళే పెద్దవాళ్ళకు దారి చూపించారు. ఈ మాట అమెరికాలో ఇంకా గట్టిగా చెప్పాల్సింది.

ఆ ఎఫ్‌సీఎస్ ఫైనల్ 2010 సీజన్ నుంచి 2024 సీజన్ దాకా పదిహేనుసార్లు ఫ్రిస్కోలోనే జరిగింది. 2011 జనవరి 7న మొదటి ఫైనల్‌లో ఈస్టర్న్ వాషింగ్టన్ ఒకే ఒక్క పాయింటు తేడాతో, 20-19తో డెలావేర్‌ను ఓడించింది. తర్వాత నార్త్ డకోటా స్టేట్ శకం మొదలైంది. ఆ పదిహేనులో పది వాళ్ళవే. వాళ్ళ ఊరు ఫార్గో, కెనడా సరిహద్దుకు దగ్గరలోని మంచు దేశం. వెయ్యి మైళ్ళకు పైగా కార్లు నడుపుకుంటూ పసుపు, ఆకుపచ్చ బట్టల్లో జనం దిగేవారు. ఫార్గోలో డిసెంబరు వచ్చిందంటే "ఈసారి ఫ్రిస్కోకా?" అన్న ప్రశ్న. అక్కడ ఈ ఊరి పేరుకు ఫైనల్ అన్న అర్థం వచ్చేసింది. 2016 జనవరిలో మణికట్టు విరిగి కోలుకున్న కార్సన్ వెంట్జ్ ఇక్కడే ఫైనల్ ఆడి 37-10తో జాక్సన్‌విల్ స్టేట్ మీద గెలిచాడు. కొన్ని నెలలకే ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌లో రెండో ఎంపికగా వెళ్ళాడు.

ఫైనల్ ముందు అవార్డుల విందు కూడా ఈ ఊళ్ళో జరిగేది. మేటి దాడి ఆటగాడికి వాల్టర్ పేటన్ అవార్డు, రక్షణ ఆటగాడికి బక్ బుకానన్ అవార్డు, మొదటి ఏడాది కుర్రాడికి జెర్రీ రైస్ అవార్డు. 2015 పేటన్ అవార్డు గెలిచిన కూపర్ కప్ తర్వాత సూపర్ బౌల్ మేటి ఆటగాడయ్యాడు. పెద్ద తెరలు పట్టించుకోని ఆటగాళ్ళను ముందే గుర్తుపట్టిన విందు అది.

2025 జనవరి 6న నార్త్ డకోటా స్టేట్ 35-32తో మోంటానా స్టేట్‌ను ఓడించింది. ఇప్పటికి అది ఇక్కడి చివరి ఫైనల్. స్టేడియం మరమ్మతులు రావడంతో ఆట నాష్‌విల్‌కు మారింది.

తెర మీదికి ఎలా వచ్చింది

ఫ్రిస్కోలో వీడియోగేమ్‌లకూ ఒక గుడి లాంటిది ఉంది, నేషనల్ వీడియోగేమ్ మ్యూజియం. 2016 ఏప్రిల్‌లో, ది స్టార్ కంటే కొన్ని నెలల ముందు తెరిచారు. గోడంత తెర మీద పాంగ్ ఆడవచ్చు. 1980ల నాటి డ్రాయింగ్ రూమ్, నాణేలు వేసి ఆడే ఆర్కేడ్ అచ్చం ఆనాటిలాగే పెట్టారు. బోర్డర్‌లాండ్స్ గేమ్ తీసిన గేర్‌బాక్స్ సంస్థ ఆఫీసు ఈ ఊళ్ళోనే ఉంది. కౌబాయ్స్ యజమాని జెర్రీ జోన్స్ 2017లో కాంప్లెక్సిటీ అనే ఈ-స్పోర్ట్స్ జట్టులో వాటా కొన్నాక దాని సాధన కేంద్రం 2019లో ది స్టార్‌లోనే తెరుచుకుంది. అసలు ఫుట్‌బాల్, తెర ఫుట్‌బాల్ ఒకే ఆవరణలో పక్కపక్కన ఉన్న ఊళ్ళు అమెరికాలోనే అరుదు.

ఆ తెర ఆటకు మూలపురుషుడు జాన్ మ్యాడెన్. ఓక్‌లాండ్ రైడర్స్ కోచ్‌గా సూపర్ బౌల్ గెలిచి, టీవీ వ్యాఖ్యాతగా ఇంటింటి మనిషైనవాడు. విమానం అంటే భయం, అందుకే రైళ్ళలో తిరిగేవాడు. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ స్థాపకుడు ట్రిప్ హాకిన్స్ 1984లో రైల్లోనే ఆయన్ని కలిసి గేమ్ సంగతి మాట్లాడాడు. అప్పటి కంప్యూటర్లు జట్టుకు ఆరేడుగురిని మించి కదిలించలేకపోయేవి. పదకొండు మంది లేకపోతే అది ఫుట్‌బాల్ కాదని మ్యాడెన్ పట్టుబట్టాడు. ఆ పట్టుదల వల్ల గేమ్ ఏళ్ళ తరబడి ఆలస్యమై 1988లో ఆయన పేరుతోనే ఆపిల్-2 కంప్యూటర్ కోసం వచ్చింది. ఆయన 2021 డిసెంబర్ 28న కన్నుమూశాడు. ఈనాటి ఆన్‌లైన్ లీగుల్లో ఉన్న గంభీరతంతా ఆ పదకొండు మంది పట్టుదల నుంచే వచ్చిందని నా నమ్మకం. బొమ్మల ఆట చాలనుకుని ఉంటే ఇన్నేళ్ళు ఎవరూ దీని కోసం నిద్ర మానుకునేవారు కాదు.

బొమ్మలే లేకుండా అంకెలతో నడిచే లీగులూ ఉన్నాయి. జిమ్ గిండిన్ 1998లో తెచ్చిన ఫ్రంట్ ఆఫీస్ ఫుట్‌బాల్ అలాంటిది. జట్టు యజమానులు తమ వ్యూహాల ఫైలు పంపుతారు, కమిషనర్ కంప్యూటర్‌లో ఆ వారం ఆట నడిపి ఫలితాలు వెనక్కి పంపుతాడు. తెర మీద పరుగు కనిపించదు, స్కోరు పట్టిక మాత్రమే వస్తుంది. దాని కోసం ఎదురుచూసేవాళ్ళ ఉత్కంఠ తక్కువేమీ కాదు.

గడువు దగ్గర తేలే మనుషులు

మ్యాడెన్ గేమ్‌లో ఫ్రాంచైజ్ అనే విభాగం ఉంది. 32 జట్లకు 32 మంది నిజమైన మనుషులు చేరవచ్చు. సీజన్‌కు పదిహేడు మ్యాచ్‌లు, పద్దెనిమిది వారాలు, అచ్చం ఎన్ఎఫ్ఎల్ లెక్కే. జీతాల పరిమితి, గాయాలు, డ్రాఫ్ట్ అన్నీ ఉంటాయి. నడిపించేవాణ్ణి కమిషనర్ అంటారు. ఆట వారాన్ని రెండు మూడు రోజుల్లో ముగించి, అతను బటన్ నొక్కితే లీగ్ తర్వాతి వారంలోకి వెళ్తుంది. ఈ లోపు ప్రత్యర్థితో మాట్లాడుకుని సమయం కుదుర్చుకోవాలి, ఆడాలి. కుదరకపోతే కమిషనర్ ఇద్దరిలో ఒకరిని గెలిచినట్టు ప్రకటించవచ్చు, లేదా ఫలితాన్ని కంప్యూటర్‌కు వదిలేయవచ్చు.

చెప్పడానికి సులువుగానే ఉంది. కానీ ఇలాంటి లీగుల్లో చాలావాటికి మొదటి సీజన్ ప్లేఆఫ్స్ చూసే భాగ్యం ఉండదు. మొదటి వారం 32 మంది ఉత్సాహంగా ఆడతారు. అయిదో వారానికి వరసగా ఓడినవాడు మాయమవుతాడు. ఎనిమిదో వారానికి పరీక్షలు, ఊరెళ్ళడాలు. పదో వారానికి కమిషనర్ ఒక్కడే సందేశాలు పంపుతూ ఉంటాడు, జవాబు రాదు. నైపుణ్యం లేక చచ్చిన లీగ్ ఒక్కటీ ఉండదు. మాట నిలబెట్టుకునేవాళ్ళు లేకనే చస్తాయి. మంగళవారం తొమ్మిదింటికి ఆడతానన్నవాడు తొమ్మిదింటికి రావడం, రాలేనప్పుడు ముందుగా చెప్పడం మీదే మొత్తం లీగ్ నిలుస్తుంది. పదిహేనేళ్ళ కమిషనర్ తనకంటే రెట్టింపు వయసున్న ఆటగాణ్ణి "అంకుల్, మీ గేమ్ ఇంకా పెండింగ్" అని మర్యాదగా తొందరపెట్టడం నేర్చుకుంటాడు. అలాంటి మర్యాద ఏ బడిలోనూ పాఠంగా చెప్పరు.

నియమాల పుస్తకం కూడా చిన్నదేమీ కాదు. గేమ్‌లో ఎప్పుడూ ఫలించే కిటుకులు కొన్ని ఉంటాయి. ఒకే వ్యూహాన్ని పదేపదే వాడి గెలిచేవాళ్ళుంటారు. నిజమైన కోచ్ చేయని పని నువ్వూ చేయకూడదన్నది సిమ్యులేషన్ లీగుల మూలసూత్రం. నాలుగో ప్రయత్నంలో ఎప్పుడు సాహసించవచ్చు, ఒక ఎత్తుగడను మ్యాచ్‌లో ఎన్నిసార్లు వాడవచ్చు, ఆటగాళ్ళ మార్పిడిని ఎవరు పరిశీలించాలి, ఇవన్నీ రాసుకుంటారు. గెలవడానికి ఉన్న దారిని తెలిసి తెలిసి మానుకోవాలి. పోటీ పడే కుర్రాళ్ళు తమకు తామే ఈ కట్టుబాటు విధించుకోవడం నాకు ఈ లోకంలో అన్నిటికంటే గౌరవించదగ్గ సంగతిగా కనిపిస్తుంది.

ప్లేఆఫ్స్ వస్తే వాతావరణమే మారుతుంది. రెండు కాన్ఫరెన్సుల నుంచి ఏడేసి, మొత్తం 14 జట్లు. ప్రతి కాన్ఫరెన్సులో మొదటి స్థానానికి మొదటి వారం విశ్రాంతి. ఓడితే ఇంటికే. అప్పటిదాకా గదిలో ఒంటరిగా జరిగిన ఆటను ఇప్పుడు మిగతావాళ్ళంతా చూడటానికి వస్తారు. మ్యాచ్‌ను ప్రత్యక్ష ప్రసారం చేసి తీరాలని చాలా లీగుల్లో నియమం. ఓడిపోయిన జట్ల యజమానుల్లో ఒకరిద్దరు వ్యాఖ్యానం చెబుతారు, చాట్‌లో పందేలు డబ్బుల్లేకుండా మాటలతో సాగుతాయి. బాగా నడిచే లీగులకూ పడిపోయే లీగులకూ తేడా ఇక్కడ తెలుస్తుంది. 14 మంది ఆడుతుంటే మిగిలిన 18 మంది ఏం చేస్తున్నారు? వాళ్ళకు వ్యాఖ్యానం, జోస్యాల పోటీ, డ్రాఫ్ట్ సన్నాహం, అవార్డుల ఓటు అప్పగించిన కమిషనర్‌కు రెండో సీజన్ దొరుకుతుంది.

అవార్డుల పట్టిక

అవార్డులను గేమ్ తనంతట తానే ఇస్తుంది. అంకెలు లెక్కపెట్టి మేటి ఆటగాడు, మేటి కొత్త ఆటగాడు, మేటి కోచ్ అని ప్రకటిస్తుంది. అది ఊరికే పేరు కాదు. కొన్ని అవార్డులు దక్కితే ఆటగాడి ఎదుగుదల స్థాయి పెరిగే అవకాశం ఉంటుంది, అంటే వచ్చే సీజన్‌లో ఆ జట్టు మరింత బలపడుతుంది. దాంతో ఒక రోగం పుట్టింది. నలభై పాయింట్ల ఆధిక్యంలో ఉన్నా తన పరుగుల వీరుడికే బంతి ఇస్తూ అంకెలు పోగేసే యజమానులు తయారయ్యారు. పెద్ద లీగులు దీనికి విరుగుడుగా ఓటు పెట్టుకున్నాయి. గేమ్ ఎవరికిచ్చినా సరే, మా లీగ్ మేటి ఆటగాణ్ణి మేమే ఎన్నుకుంటాం అంటాయి.

అసలు ఎన్ఎఫ్ఎల్‌లోనూ ఓటే. అసోసియేటెడ్ ప్రెస్ ఎంచుకున్న 50 మంది ప్లేఆఫ్స్ మొదలవ్వకముందే ఓట్లు వేసేస్తారు, ఫలితం సూపర్ బౌల్ వారంలో చెబుతారు. ప్లేఆఫ్స్‌లో ఎంత గొప్పగా ఆడినా ఈ ఓటుకు లెక్కలోకి రాదు. ఇంత ఘన చరిత్ర ఉన్న కౌబాయ్స్‌లో ఆ మేటి ఆటగాడి అవార్డు పొందినవాడు ఎమిట్ స్మిత్ ఒక్కడే, 1993లో. సూపర్ బౌల్ మేటి ఆటగాడిది వేరే అవార్డు. దాని చరిత్రలోని రెండు విడ్డూరాలూ కౌబాయ్స్‌వే. ఓడిన జట్టు నుంచి ఆ అవార్డు పొందిన ఒకే ఒక్కడు చక్ హౌలీ. 1971 జనవరిలో బాల్టిమోర్ చేతిలో 16-13తో కౌబాయ్స్ ఓడిన ఆటలో అది దక్కింది. ఇద్దరు పంచుకున్నది కూడా ఒక్కసారే, 1977 సీజన్‌కు హార్వీ మార్టిన్, ర్యాండీ వైట్. ఇద్దరూ రక్షణ ఆటగాళ్ళే.

హౌలీ ఉదంతం ఆన్‌లైన్ లీగుల్లో ఓట్లప్పుడు పనికొస్తుంది. ఓడినవాడికి అవార్డు ఇవ్వవచ్చా అన్న వాదన ప్రతి సీజన్‌లోనూ లేస్తుంది. ఇవ్వవచ్చనే నేనంటాను. మూడు మ్యాచ్‌లే గెలిచిన జట్టుతో చివరి వారం దాకా ఒక్క గడువూ తప్పకుండా ఆడినవాడు లీగ్‌కు ఛాంపియన్ కంటే ఎక్కువ చేశాడు. ఆ మనిషి మానేసి ఉంటే అతని ప్రత్యర్థులందరికీ కంప్యూటర్‌తో ఆడే చప్పిడి మ్యాచ్‌లే మిగిలేవి. కొన్ని లీగులు అలాంటివారి కోసం మేటి యజమాని అన్న అవార్డు పెట్టుకున్నాయి. అన్ని లీగులూ పెట్టుకోవాలి, వరసలో మొదట పెట్టుకోవాలి.

అవార్డుల సాయంత్రం ఎలా ఉంటుందంటే, అందరూ ఒకే వాయిస్ చానెల్‌లోకి వస్తారు. కమిషనర్ ఒక్కో పేరూ చదువుతాడు. ఎవరో సీజన్ మొత్తంలోంచి ఏరిన మంచి ఆటల క్లిప్పులు పెడతారు. గెలిచినవాడు మైక్ తీసుకుని మొహమాటపడతాడు. నలుగురిలో తెలుగులో పద్యం చెప్పమంటే గదిలోకి పారిపోయే కుర్రాడు ఇక్కడ తన డిఫెన్స్ గురించి తడుముకోకుండా మాట్లాడతాడు. తలుపవతల తల్లిదండ్రులకు ఆ మాటలు వినిపిస్తాయి. లోపలికెళ్ళి ఒక్కసారి వినమనే నేను చెబుతాను. ఇక్కడి తెలుగు సంఘం టాంటెక్స్ సాహిత్య సభలకు పిల్లలు రావడం లేదని పెద్దలు బాధపడతారు. న్యాయమైన బాధే. అయితే పిల్లల సభలు ఏ రాత్రి జరుగుతాయో పెద్దలూ తెలుసుకోవాలి.

ఆగస్టు గండం

ప్రతి ఆగస్టులో కొత్త మ్యాడెన్ వస్తుంది. పాత గేమ్‌లో నాలుగు, అయిదు, పది సీజన్లు ఆడి పెంచుకున్న లీగ్ కొత్తదానిలోకి రాదు. డ్రాఫ్ట్‌లో తెచ్చి పెంచి పెద్దచేసిన ఆటగాళ్ళు, గెలిచిన కప్పులు, రికార్డులు పాత గేమ్‌లోనే ఉండిపోతాయి. కొత్త గేమ్ తెరిస్తే మళ్ళీ అసలు ఎన్ఎఫ్ఎల్ జట్లతో మొదటి వారం. అందుకే లీగ్‌వాళ్ళు అవార్డుల పట్టికను విడిగా దాచుకుంటారు. ఏ సీజన్‌లో ఎవరు ఛాంపియన్, ఎవరు రెండో స్థానం, మేటి ఆటగాడు ఏ జట్టువాడు, మేటి యజమాని ఎవరు, అన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో వరసగా ఉంటాయి. గేమ్ తుడిచేసిన చరిత్ర అక్కడ మిగులుతుంది. అందులోని ఆటగాళ్ళలో సగం మంది కంప్యూటర్ పుట్టించినవాళ్ళే, వాళ్ళ పేర్లను ఏ పత్రికా అచ్చువేయదు. వాళ్ళను గుర్తుపట్టేది ఆ 32 మందే.

ఆగస్టులోనే మరో ముప్పు. హైస్కూల్ పూర్తిచేసిన కమిషనర్ ఆస్టిన్‌కో కాలేజ్ స్టేషన్‌కో కాలేజీ చదువుకు బయల్దేరతాడు. హాస్టల్ గదిలో ఇంటర్నెట్ ఎలా ఉంటుందో, రూమ్మేట్ రాత్రి పదకొండింటికి హెడ్‌సెట్ గోలను ఎంత సహిస్తాడో తెలియదు. బయల్దేరే ముందు లీగ్‌ను ఎవరికో ఒకరికి అప్పగించాలి. ఇక్కడ ఛాంపియన్‌ను ఎంచుకోవడం తప్పు. ఛాంపియన్‌కు తన జట్టు ముఖ్యం, తగవు వస్తే తీర్పు అటు మొగ్గుతుంది. గడువులు తప్పనివాడు, ఓడినా మాట తూలనివాడు, ఎవరికి ఎప్పుడు పరీక్షలున్నాయో గుర్తుపెట్టుకునేవాడు కావాలి. అతని పేరు షీట్‌లో మేటి యజమాని గడిలో ఉంటుంది. పాత కమిషనర్ అతనికి లాగిన్, నియమాల పుస్తకం, ఆ షీట్ ఇచ్చి వెళ్తాడు. కొత్తవాడు మొదటి సందేశం పెడతాడు: జట్ల ఎంపిక శనివారం రాత్రి ఎనిమిదింటికి, కౌబాయ్స్ కోసం చీటీలు వేస్తాం, రాలేనివాళ్ళు శుక్రవారంలోగా చెప్పండి.